బంగినపల్లి పెట్టె మీద కోత తేదీ ఉండాలి

ఏటా వేసవిలో ఇక్కడ అమెరికాలో మన సంఘం సభ్యులు ముందే సొమ్ము కట్టి తెప్పించుకునే బంగినపల్లి పెట్టెలో కొన్ని కాయల తొక్క నల్లబడి, మరికొన్ని పైకి పసుపు తిరిగినా లోపల పుల్లగానే ఉన్నప్పుడు, అమ్మిన దుకాణాన్ని నాలుగు మాటలని ఊరుకుంటున్నాం. చాలాసార్లు కాయ చెడేది దుకాణంలో కాదు, అంతకు ముందు అది చేతులు మారిన చోట.

మొదటి చెయ్యి తోటలోనే ఉంది. తొలి ధర కోసం ముదరని కాయను దింపితే ఎంత మాగేసినా దానికి తీపి రాదు. తొడిమతో కోసి సొన కారనివ్వకపోతే తొక్క మీద మచ్చలు పడతాయి. ఆ తర్వాత చల్లదనం: సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో రోజుల తరబడి ఉంచిన కాయ సరిగా పండదు, మా ఇంట్లో లాగా బియ్యం డబ్బాలో దాచినా సరే.

అమెరికా 2007లో భారత మామిడిని అనుమతించినప్పుడు, కాయలకు కనీసం 400 గ్రే (వికిరణానికి కొలమానం) మోతాదులో వికిరణ శుద్ధి, అంటే పురుగు వ్యాపించకుండా కిరణాలు తగిలించడం, జరగాలని షరతు పెట్టింది. టెంకలో దాగిన పురుగుకు వేడినీటి శుద్ధి చాలదు కనుక ఆ షరతును నేను తప్పుపట్టను. కానీ 2025 మే నెలలో, ముంబైలో శుద్ధి చేయించి పంపిన సుమారు 15 విడతల మామిడి సరుకును పత్రాల్లో లోపాలున్నాయంటూ లాస్ ఏంజెలెస్, అట్లాంటా వంటి విమానాశ్రయాల్లో తిరస్కరించగా, వెనక్కి తెప్పించుకునే ఖర్చుకు వెరచి ఎగుమతిదారులు ఆ పండ్లను నాశనం చేయించవలసి వచ్చింది. పండు బాగుండి కాగితం బాగులేకపోయినా నష్టం అంతే.

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది పేరును కాపాడుతుంది గాని, కాయ ముదిరిందో లేదో చూడదు. ఆ చూపు టోకున కొనే మనకే ఉండాలి. వచ్చే వేసవికి సొమ్ము వసూలు చేసేముందే, తోట ఉన్న ఊరు, కోత తేదీ, శుద్ధి తేదీ పెట్టె మీద అచ్చువేయాలనీ, దారిలో నమోదైన ఉష్ణోగ్రతలు చూపాకే మిగతా సొమ్ము చెల్లిస్తామనీ మన సంఘం దిగుమతిదారుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ఇందుకు పెట్టెకు రెండు మూడు డాలర్లు పెరిగితే ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.