కిర్గిజ్‌స్థాన్ ‘మినీ స్విట్జర్లాండ్’ కాదు, నాలుగు రోజుల్లో అయిపోదు

వేసవి వస్తే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరగడం మొదలవుతుంది: “కిర్గిజ్‌స్థాన్ మినీ స్విట్జర్లాండ్. ఏడాదంతా మంచే, ఎప్పుడెళ్ళినా ఒకటే. నాలుగు రోజుల్లో దేశమంతా చుట్టేయొచ్చు. శాకాహారులకు మాత్రం పస్తులే. ఇండియన్స్ అంటే ప్రాణం పెడతారు, భయమే అక్కర్లేదు.” చూడదగ్గ దేశమే, అందులో పేచీ లేదు. పేచీ అంతా ఈ మాటలతోనే.

ముందు ఆ ‘మినీ’ సంగతి. కిర్గిజ్‌స్థాన్ విస్తీర్ణం దాదాపు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే స్విట్జర్లాండ్‌కి ఐదింతలు, మన ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది.

ఏడాదంతా మంచా? తియాన్‌షాన్ పర్వతాల్లో 7,439 మీటర్ల జెంగిష్ చొకుసు శిఖరం మీదైతే అవును. మీ విమానం దిగే రాజధాని బిష్కెక్ ఉన్నది 800 మీటర్ల ఎత్తులో. జులైలో అక్కడ 35 డిగ్రీలు దాటడం మామూలే, హైదరాబాద్ ఎండ తప్పించుకుందామని వెళ్ళినవాళ్ళు ఉసూరుమంటారు. ఇస్సిక్-కుల్ సరస్సు 1,607 మీటర్ల ఎత్తులో ఉన్నా నడిచలికాలంలోనూ గడ్డకట్టదు. 668 మీటర్ల లోతు, నీళ్ళలో కాస్త ఉప్పు, రెండూ కారణాలే. ఆగస్టులో చొల్పోన్-అతా ఒడ్డున జనం హాయిగా ఈతలు కొడతారు.

సాంగ్-కుల్ అనే ఇంకో సరస్సు కథ పూర్తిగా వేరు. అది 3,016 మీటర్ల మీద, చుట్టూ చెట్టన్నది లేని పచ్చిక. పశువుల కాపరులు జూన్‌లో గుర్రాలు, గొర్రెలతో పైకెక్కి, సెప్టెంబర్‌లో గుడారాలు విప్పుకుని దిగిపోతారు. ఆ గుడారమే యుర్ట్. కర్రల చట్రం మీద గొర్రెబొచ్చు కంబళి కప్పుతారు, మధ్యలో ఇనప పొయ్యి ఉంటుంది. అందులో మండేది పిడకలే! జులై రాత్రి కూడా ఆ పొయ్యి ఆరిందంటే పళ్ళు టకటకలాడతాయి. ‘ఎప్పుడెళ్ళినా ఒకటే’ అని నమ్మి నవంబర్‌లో వెళితే అక్కడ గుడారమూ ఉండదు, టీ ఇచ్చేవాళ్ళూ ఉండరు.

ఇక నాలుగు రోజులు. బిష్కెక్ నుంచి దక్షిణాన ఉన్న ఓష్ నగరానికి రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైమాటే. 3,000 మీటర్లు దాటిన రెండు కనుమలు ఎక్కి దిగాలి, పది పన్నెండు గంటలు పడుతుంది. ఇస్సిక్-కుల్ తూర్పు కొసన ఉన్న కరాకోల్ పట్టణం ఇంకో దిక్కున 400 కిలోమీటర్లు. పైగా బిష్కెక్‌లో పొద్దున బయల్దేరి సాయంత్రానికి సాంగ్-కుల్ చేరితే ఒక్కరోజులో రెండు వేల మీటర్లు ఎక్కినట్టే. తలనొప్పి, వాంతులు వచ్చే అవకాశం బాగా ఉంది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళు మధ్యలో కొచ్కోర్ అనే ఊళ్ళో ఒక రాత్రి ఆగడం మేలు. నన్నడిగితే వారం రోజుల్లో ఇస్సిక్-కుల్, కరాకోల్, సాంగ్-కుల్ చాలు. ఓష్‌లో సులైమాన్-తూ కొండ చూడాలనుంటే విమానం ఎక్కండి.

తిండి విషయంలో మెసేజ్ సగం నిజం. పల్లెల్లో మాంసం లేని వంట తక్కువే, లగ్మాన్ నూడుల్స్‌లోనూ మాంసం ఉంటుంది. కానీ బిష్కెక్‌లో మన తెలుగు పిల్లలతో సహా వేలమంది భారతీయులు ఎంబీబీఎస్ చదువుతున్నారు, కాబట్టి ఇండియన్ మెస్‌లకు కొదవలేదు. గుండ్రటి తందూరీ రొట్టెలు, అక్రోట్లు, ఆప్రికాట్లు ఏ బజార్లోనైనా దొరుకుతాయి.

చివరిది, ఆ ‘భయమే అక్కర్లేదు’. 2024 మే నెలలో ఒక రాత్రి బిష్కెక్‌లో అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద పడ్డాయి. బయటికి రావద్దని మన విద్యార్థులకు భారత రాయబార కార్యాలయం చెప్పాల్సి వచ్చింది. కొండల్లో ఆతిథ్యం నిజమే, ఆ రాత్రీ నిజమే. ఎంబసీ నంబరు ఫోన్‌లో దాచుకుని వెళ్ళండి.