పాంథియాన్ గుమ్మం మీది శిలాఫలకం గారికి

అయ్యా,

రోమ్ నగరంలో, పాంథియాన్ అనే పాతకాలపు గుడి ముందు, ఎనిమిది రాతి స్తంభాల నెత్తిన, ఊరందరికీ కనబడేలా కొలువుదీరిన తమరికి నమస్కారాలు. కంచు అక్షరాలు ఎండలో బాగానే మెరుస్తున్నాయి కాబట్టి తమరు కులాసాయే అనుకుంటాను. నా సంగతి తమరు అడగరు గనక నేనే మనవి చేసుకుంటాను. మిట్టమధ్యాహ్నం గంటకు పైగా తమరి ఎదురుగా లైన్లో నిలబడ్డాను. నీడ లేదు. బాటిల్లో నీళ్లు అయిపోయాయి. చూడ్డానికి ఉన్నవి రెండే: ముందున్నాయన వీపు, దాని పైన తమరు. ఆయన వీపు మీద ఏమీ రాసి లేదు. అందుకని తమరినే చదువుకున్నాను. మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

ఇంతకీ తమరు చెప్పేదేమిటి? లూసియస్ కొడుకు మార్కస్ అగ్రిప్ప, మూడోసారి కాన్సుల్‌గా, అంటే రోమ్ ప్రభుత్వంలో పెద్ద పదవిలో, ఉండగా దీన్ని కట్టించాడు. అంతే. ఒక్క ముక్కలో, సూటిగా. అగ్రిప్ప మూడోసారి కాన్సుల్ అయింది క్రీ.పూ. 27లో. మా బావ వెంటనే లెక్క కట్టేశాడు. మా బావ జర్మనీలో ఉంటాడు. యూరప్‌లో ఏ రాయి కనబడినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే బాధ్యత తనదేననుకుంటాడు. తమరు వెనకాల కనబడేలా ఫోటో దిగి, కింద '27 బీసీ' అని రాసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. రాజమండ్రి నుంచి మా పెద్దమ్మ దండం బొమ్మలు పంపింది.

2023 జులైలో మొదలుపెట్టిన ఆ టికెట్ చూపించి లోపలికి అడుగు పెట్టామో లేదో, చెవిలో ఆడియో గైడ్ పెట్టుకున్న మా మేనకోడలు టక్కున ఆగింది. "మామయ్యా, పైన పేరున్నాయన ఇది కట్టించలేదంట."

నిజమే, కట్టించలేదు. అగ్రిప్ప కట్టించిన గుడి క్రీ.శ. 80లో రోమ్‌లో పెద్ద మంటలు రేగినప్పుడు పోయింది. దాన్ని డొమిషియన్ చక్రవర్తి బాగుచేయిస్తే, 110లో పిడుగుపడి మళ్లీ కాలిపోయింది. ఇప్పుడు అందరూ తలెత్తి నోరు తెరుచుకుని చూస్తున్న గుమ్మటం, ఆ గోడలు, ఆఖరికి తమరు కూర్చున్న దూలం కూడా, హేడ్రియన్ చక్రవర్తి హయాంలో పూర్తయినవి. అగ్రిప్ప పోయింది క్రీ.పూ. 12లో. అంటే ఆయన కన్నుమూసి వందేళ్లు దాటాక దీని పునాది తీశారు. చచ్చిపోయిన మనిషి పేరు మీద పెన్షన్ తీసుకునేవాళ్లను చూశాం గానీ, గుడి కట్టించినవాళ్లను మాత్రం ఇక్కడే చూశాం.

నేనొక్కణ్ణే అయితే పోనీలే అనుకునేవాణ్ణి. తమరు నమ్మించినవాళ్ల జాబితా పెద్దది. కాసియస్ డియో అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. రోమన్ సెనేటర్, స్వయానా కాన్సుల్ చేసినవాడు. గుడి కట్టి నిండా నూటపాతికేళ్లు కూడా కాకముందే రోమ్ చరిత్ర రాస్తూ, ఈ గుమ్మటం ఆకాశంలా ఉందని మెచ్చుకుని, ఆ మెప్పంతా తీసుకెళ్లి అగ్రిప్ప ఖాతాలో వేశాడు. ఆ ఊళ్లో ఉన్నవాడే, చదువుకున్నవాడే, తమరి మాట నమ్మాడు. ఆయన తర్వాత పండితులూ అదే దారి. చివరికి 1892లో జార్జ్ షెదాన్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్ట్ గోడల్లోని ఇటుకలు చూస్తే గానీ గుట్టు బయటపడలేదు. మన ఇటుకల మీద బట్టీ యజమాని పేరులోని మూడక్షరాలు అచ్చేసి ఉంటాయి చూడండి, రోమ్ ఇటుకలకూ అలాగే ముద్రలుండేవి. కొన్నిటి మీద ఆ ఏడాది కాన్సుళ్ల పేర్లు కూడా వేసేవారు. ఆ ముద్రలు హేడ్రియన్ కాలానివి. గోడ లోపల ఎవరికీ కనబడకుండా ఉన్న ఇటుక నిజం చెబుతోంది. గుమ్మం మీద లావుపాటి అక్షరాలతో కూర్చున్న తమరు అబద్ధం చెబుతున్నారు.

అసలు చిక్కు ఎక్కడంటే, మా వైపు శిలాఫలకాలకు అలవాటుపడ్డ బుర్రకు తమరు కొరుకుడు పడరు. మా దగ్గర పద్ధతి స్పష్టంగా ఉంటుంది. శంకుస్థాపన రాయి ఒకరిది, ప్రారంభోత్సవం రాయి ఇంకొకరిది. మధ్యలో ప్రభుత్వం మారితే మొదటి రాయి ముక్కలైపోతుంది, లేదా దాని మీద సున్నం పడుతుంది. పథకం పేరు మారుతుంది, గోడ రంగు మారుతుంది. ముందటాయన పిల్లర్లు లేపిన వంతెనకు తర్వాతాయన రిబ్బన్ కత్తిరించి తన పేరు చెక్కించుకుంటాడు. తప్పే, కానీ అర్థమవుతుంది. ఇక్కడేమో గద్దె మీదున్న చక్రవర్తి, ఖజానా తనది, సైన్యం తనది. కట్టించినదానికి పాత మనిషి పేరే మళ్లీ పెట్టించాడు! ఇటుకల ముద్రలు ఈమధ్య మళ్లీ పరిశీలించినవాళ్లు, హేడ్రియన్‌కు ముందున్న ట్రాజన్ ఆఖరి రోజుల్లోనే పని మొదలై ఉంటుందంటున్నారు. అంటే మొదలుపెట్టింది ఒకరు, ముగించింది ఒకరు, పేరు మూడో మనిషిది. ఇది మా జిల్లా పరిషత్తులో కూడా జరగదు.

ఎంత నిరాడంబరుడో అని ఆడియో గైడ్ అమ్మాయి మురిసిపోయింది. తన కట్టడాల మీద హేడ్రియన్ తన పేరు వేయించుకోలేదని, ట్రాజన్ గుడి ఒక్కటే మినహాయింపని పాత జీవితచరిత్రలో ఉన్న మాట నిజమే. అదే హేడ్రియన్ ఊళ్లకు మాత్రం తన పేరు ధారాళంగా పెట్టించుకున్నాడు. హేడ్రియనోపోలిస్ పేరుతో ఒకటి కాదు, చాలా ఊళ్లున్నాయి. టర్కీలో ఇప్పటి ఎడిర్నే అందులో ఒకటి. ఊరి పేరుకు అడ్డురాని వినయం గుడి గుమ్మం దగ్గరే ఎందుకొచ్చింది? నాకు తోచింది చెబుతాను. పాలన మొదలుపెడుతూనే, 118లో, కాన్సుల్ పదవి చేసిన నలుగురు పెద్దల తలలు ఎగిరాయి. సెనేట్ మండిపడింది. అలాంటప్పుడు మొదటి చక్రవర్తి అగస్టస్‌కు స్నేహితుడూ, అల్లుడూ, ఆయనకు ఆక్టియమ్ యుద్ధం గెలిపించినవాడూ అయిన అగ్రిప్ప పేరు గుమ్మం మీద ఉంటే బాగుంటుంది కదా. పాతకాలపు పెద్దాయన ఫోటో పక్కన తన ఫోటో పెట్టుకోవడం లాంటిదే, కాకపోతే తన ఫోటో వేయలేదు. అంతకంటే తెలివైన పని.

పాపం అగ్రిప్పకు ఈ అప్పు పేరు అక్కర్లేదు కూడా. ఆయన క్రీ.పూ. 19లో తెప్పించిన నీటి కాలువ మరమ్మతులు చేసుకుంటూ ఇప్పటికీ పారుతోంది. రోమ్‌లోని ట్రెవీ ఫౌంటెన్‌లో జనం నాణేలు విసురుకునేది ఆ నీళ్లలోకే.

మిగతా ఫిర్యాదులు పెద్దవి కావు, గబగబా చెప్పేస్తాను. నిశ్శబ్దం పాటించండి అంటూ లోపల మైకు పెట్టి అరుస్తారు. ఆ గుమ్మటం కింద వినిపించే పెద్ద చప్పుడు అదే. నడినెత్తిన తొమ్మిది మీటర్ల కంత ఉన్నా వాన లోపల పడదు, వేడిగాలి ఆపేస్తుంది అని ఇంకో గ్రూపు గైడ్ ఘనంగా చెబుతున్నాడు. పడుతుంది. శుభ్రంగా పడుతుంది. నీళ్లు పోవడానికే నేలలో బెజ్జాలు పెట్టారు. బయట అరుగు మీద కూర్చుని తాగిన కాఫీ ధర గుర్తు చేసుకుంటే మళ్లీ బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు తమరి కింద కాపురముంటున్న ఆ చిన్న రాత సంగతి. లైన్లో ఉండగా ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను. తమరి లావు అక్షరాల కింద, రాయి అంచున, సన్నగా రెండు వరసలు. నీళ్లచార అనుకుంటాం, దగ్గరికి లాగితే అక్షరాలు. 202లో చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్, కొడుకు కారకల్లా కలిసి చెక్కించింది. పాతబడి చెడిపోయిన పాంథియాన్‌ను తాము బాగుచేయించామని దాని సారాంశం. ఆ సారాంశం చేరేలోపు ఎన్ని బిరుదులో! అరేబియా గెలిచినవాడు, అడియబెనె గెలిచినవాడు, పార్థియా గెలిచినవాడు, మహా పురోహితుడు, దేశపిత. తర్వాత కొడుకు బిరుదులు. కట్టించినవాడు తన పేరు ఒక్కక్షరం వేసుకోలేదు, పగుళ్లు పూడ్పించినవాళ్లు ఫ్లెక్సీ కట్టారు. వీళ్లను చూసి మాత్రం ప్రాణం లేచొచ్చిందండీ. సొంతవాళ్లు కనబడ్డట్టయింది.

అంతకంటే ఘనుడు గుడి ముందు మంటపంలో ఉన్నాడు. పోప్ ఎనిమిదో అర్బన్, బార్బెరినీ వంశం. 1620లలో మంటపం పైకప్పుకున్న కంచు దూలాలన్నీ ఊడబీకించి కరిగించేశాడు. సరే, దోచుకున్నవాడు గప్‌చుప్‌గా ఉండాలా వద్దా? 1632లో అక్కడే రాయి పాతించాడు! ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్న ఈ కంచు వాటికన్‌లో అలంకారమైందనీ, హేడ్రియన్ కోటలో ఫిరంగులై ప్రజలను కాపాడుతోందనీ అందులో గొప్పగా రాయించాడు. హేడ్రియన్ కోట అంటే మరేదో కాదు, హేడ్రియన్ సమాధే. ఆయన పూర్తిచేయించిన గుడి కంచు ఆయన సమాధి మీద ఫిరంగులయింది. ఆయన పేరు ఈ గుడిలో చివరికి నోచుకున్న చోటు, ఆయన సొమ్ము ఎటు పోయిందో చెప్పే బోర్డు! అనాగరికులు చేయని పని బార్బెరినీలు చేశారని రోమ్ జనం అప్పట్లోనే ఎగతాళి చేశారట. చేయరూ మరి.

ఇదంతా భరించాను. ఇక 'తమరు' అనే ఓపిక నాకు లేదు.

ఒక్క మాట అడుగుతాను, చెప్పు. ఇది కట్టింది ఎవరు? డబ్బులిచ్చింది ఎవరని కాదు, కట్టింది ఎవరు? నేల నుంచి పైన కంత దాకా 43 మీటర్ల పైచిలుకు ఎత్తు, అడ్డంగా కొలిచినా అంతే. ఆ గుమ్మటంలో ఇనుప చువ్వ ఒక్కటి లేదు. కింద బరువైన రాయి ముక్కలు కలిపి, పైకి పోయేకొద్దీ తేలిక రాయి కలిపి, చివరికి నీళ్లలో వేస్తే తేలే రాయి వాడి పోశారు. కింద ఆరు మీటర్ల మందం గోడ, పైన కంత దగ్గరికొచ్చేసరికి మీటరు చిల్లర. ఆ లెక్క వేసినవాడి పేరేది? నీ నుదుటి మీద ఉందా? నీ కింద రెండు వరసల్లో ఉందా? పోప్ గారి రాతిలో ఉందా?

డమాస్కస్ అపోలోడోరస్ అయ్యుండొచ్చని కొందరి ఊహ. ట్రాజన్‌కు పెద్ద పెద్ద కట్టడాలు ఆయనే కట్టిపెట్టాడు. ఓసారి ట్రాజన్‌తో మాట్లాడుతుంటే కుర్ర హేడ్రియన్ మధ్యలో దూరి ఏదో సలహా ఇచ్చాడట. "నీకివేం తెలుస్తాయి, వెళ్లి నీ గుమ్మడికాయల బొమ్మలు గీసుకో" అన్నాడట ఈయన. ఆ కుర్రాడు చక్రవర్తయ్యాక అది మర్చిపోలేదు, చంపించాడు అని డియో రాశాడు. డియో మాటను నమ్మని చరిత్రకారులున్నారు. ఉండనీ. నీ దగ్గర దాని గురించి ఒక్క గీత లేదు, అదీ నా బాధ.

ఆ మంటపంలో నిలబడ్డ పదహారు స్తంభాలు చూశావా? నువ్వు చూడలేవు, వాటి నెత్తినే కూర్చున్నావు. ఒక్కోటి ఒకే రాయి, పన్నెండు మీటర్ల ఎత్తు, అరవై టన్నుల దాకా బరువు. ముందు వరసలో నిలబెట్టిన బూడిదరంగు రాళ్లు ఈజిప్టు తూర్పు ఎడారిలో మోన్స్ క్లాడియానస్ గనివి. నీళ్లు కూడా సరిగా దొరకని ఆ కొండల్లో కొట్టి, ఎడారిలో నైలు నది దాకా లాగి, పడవెక్కించి, సముద్రం దాటించి తెచ్చారు. అసలు 50 అడుగుల స్తంభాలు అనుకుంటే చివరికి 40 అడుగులవి దక్కాయని, అందుకే మంటపం వెనక గోడ మీద ఇంకాస్త ఎత్తున రెండో కప్పు గీత వృథాగా మిగిలిందని కొందరు నిపుణుల అనుమానం. నేను వెనక్కి జరిగి చూశాను, ఆ గీత ఉంది. కాగితం మీద ఒకటి, సైట్లో దిగింది ఇంకొకటి! ఆ రోజు సరుకు చూసి తల పట్టుకున్న మేస్త్రీ ఎవరు? పది అడుగులు తగ్గినా ప్లాను సర్ది, ఇంత గుడి నిలబెట్టిన ఆ మహానుభావుడి తండ్రి పేరు కూడా లూసియసేనా? అగ్రిప్ప తండ్రి ఎవరన్నది మాత్రం పనిగట్టుకుని చెక్కించుకున్నావు!

మా పాలంపేటలో ఒక గుడి ఉంది. 1213 నాటిది. శాసనంలో ఉన్నది కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడి పేరు. జనం మాత్రం శిల్పిదని చెప్పుకునే పేరుతో రామప్ప గుడి అంటారు. 2021లో యునెస్కో వాళ్లు కూడా కాకతీయ రుద్రేశ్వర ఆలయం అని రాసి, పక్కన బ్రాకెట్లో ఆ రామప్ప పేరూ చేర్చుకున్నారు. శాసనం ఏం చెబుతోందని జనంలో ఎవడూ అడగలేదు. నీకూ ఆ గతి పట్టాలని నా శాపం. పట్టదని తెలుసు, ఎందుకంటే ఆ మేస్త్రీ పేరు జనానికి కూడా దక్కలేదు.

అయినా నీ అక్షరాలు కూడా అప్పటివి కావట. పాతవి ఎప్పుడో పోతే, 19వ శతాబ్దం చివర్లో ఆ గాడుల్లో కొత్త కంచు బిగించారు. అంటే గుట్టు బయటపడ్డ రోజుల్లోనే అబద్ధానికి పాలిష్ పెట్టించారన్నమాట. నీ తెగింపుకు మాత్రం ఒప్పుకున్నాను. బయటకొచ్చాక కూడా మెడ తిప్పి నిన్నే చూశాను. ఏం చేయను, రాత బాగుంది. ఏడెనిమిది ముక్కల్లో ఇంత పెద్ద మాట ఇంత దర్జాగా చెప్పేవాళ్లు మాలో లేరు. మావాళ్లయితే 'గౌరవనీయులు' దగ్గరే సగం రాయి అయిపోయేది.

కాబట్టి నిన్ను దింపేయమని అడగను. స్తంభాల పక్కన, లైన్లో నిలబడ్డవాళ్లకు కనబడేచోట, చిన్న రేకు ఒకటి కొట్టించు చాలు: పై పేరు పాతది, గుడి తర్వాతది, కట్టినవాళ్ల పేర్లు రాసిపెట్టలేదు, క్షమించాలి. ఇంగ్లీషులో ఉన్నా పర్లేదు. కానీ త్వరగా కానివ్వు. మా బావ ఆ '27 బీసీ' ఫోటో ఇంకా తీసేయలేదు. నేను చెప్తే "ఒరేయ్, అంత పెద్ద అక్షరాలతో రాసుంటే అబద్ధమెలా అవుతుందిరా" అంటున్నాడు. రేపు ఫ్రేమ్ కట్టించి మా అక్కావాళ్ల హాల్లో పెడతాడట. దాని ముందు కూర్చుని పండగలకు భోజనం చేయాల్సింది నేను.

ఇట్లు,
నిన్ను నోటికి వచ్చేదాకా చదివిన ఒక టికెట్‌దారు