నాలుగు స్లైసుల టోస్టర్ మీద ఆ మెసేజ్ చెప్పేవి నిజాలు కావు

కొన్ని వారాలుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ బంధువుల గ్రూపులోనూ ఒకే మెసేజ్ తిరుగుతోంది. నాలుగు స్లైసుల టోస్టర్ ఇంటికి తేవద్దంటుంది. కరెంటు తాగేస్తుందట, వైరింగ్ కాలిపోతుందట, టోస్ట్ తింటే క్యాన్సరట, వంటింటి గట్టు సగం మింగేస్తుందట, మన బేకరీ బ్రెడ్ అందులో పట్టదట, శుభ్రం చేయడం కుదరదట. పెనం ఉండగా సోమరితనం కాకపోతే ఇదెందుకు అని చివర ఒక ప్రశ్న, ఆడవాళ్లందరికీ పంపమని ఒక మాట. అది చదివి మా ఆడబిడ్డ కొత్త టోస్టర్‌ను డబ్బా విప్పకుండానే అటకెక్కించింది. మల్కాజిగిరిలోని మా ఇంట్లో ఆరుగురం. ఇలాంటి పెద్ద టోస్టర్ మా గట్టు మీద చాలా ఏళ్లుగా ఉంది. అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు కరెంటు సంగతి. మెసేజ్‌లో ఇచ్చిన అంకె తప్పు కాదు. రెండు స్లైసుల టోస్టర్ మామూలుగా 700 నుంచి 900 వాట్లుంటే, నాలుగు స్లైసులది 1500 వాట్ల దగ్గర ఉంటుంది. అంటే బిల్లు రెట్టింపవుతుందని వాళ్లు తేల్చేశారు. అక్కడే లెక్క తప్పింది. మీటర్ తిరిగేది వాట్లను బట్టి మాత్రమే కాదు, ఎంతసేపు నడిచిందన్నదాన్ని బట్టి కూడా. 1500 వాట్లది మూడు నిమిషాలు నడిస్తే యూనిట్‌లో 0.075 వంతు. అదే నాలుగు రొట్టెముక్కలను 800 వాట్ల చిన్నదాంట్లో కాల్చాలంటే రెండు వాయిలు, ఆరు నిమిషాలు. అప్పుడు 0.08 యూనిట్. అంటే ముక్కకు పడే ఖర్చు రెండింట్లోనూ దాదాపు ఒకటే.

యూనిట్ 10 రూపాయల చొప్పున వేసుకుందాం. ఒక వాయికి 75 పైసలు. రోజూ రెండు వాయిలు వేస్తే నెలకు నాలుగున్నర యూనిట్లు, 45 రూపాయలు. ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా నడిస్తే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ అవుతుంది. అంత కరెంటుతో టోస్టర్‌లో ఇరవై వాయిలు వేసుకోవచ్చు. ఎండాకాలం బిల్లు చూసి టెన్షన్ పడేవాళ్లు చూడాల్సింది వంటింటి వైపు కాదు.

ఇక వైరింగ్. ఈ విషయంలో భయపడాల్సినది ఒకటి నిజంగానే ఉంది. మెసేజ్ రాసినవాళ్లు దాన్ని వదిలేసి మొత్తం ఇంటినే తగలబెట్టేశారు. మన ఇళ్లలో సాకెట్లు రెండు రకాలు. ఫోన్ చార్జర్, ఫ్యాన్ పెట్టుకునే చిన్నది 6 యాంపులది. గీజర్, వాషింగ్ మెషిన్ పెట్టుకునే పెద్ద పిన్నుది 16 యాంపులది. 230 వోల్టుల దగ్గర 6 యాంపులంటే 1380 వాట్లు. 1500 వాట్ల టోస్టర్ ఆరున్నర యాంపులు లాగుతుంది. అంటే చిన్న సాకెట్ దానికి చాలదు. కొన్ని టోస్టర్లకు పెద్ద పిన్నే వస్తుంది. దగ్గర్లో పెద్ద పాయింట్ లేదని బజార్లో దొరికే కన్వర్టర్ తెచ్చి చిన్న సాకెట్‌లో గుచ్చుతారు, లేదా సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తారు. ప్రమాదమంతా అక్కడుంది.

మా పక్క ఫ్లాట్‌లో ఇలాగే అయింది. సాకెట్ తెల్ల ప్లేటు మీద రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక, దగ్గరికెళ్తే కాలిన ప్లాస్టిక్ వాసన. ప్లగ్ లాగితే ఇత్తడి పిన్ను ఒకవైపు నల్లబడి ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "మేడమ్, మిషన్‌ది తప్పేం లేదు. ఇది ఆరు యాంపుల సాకెట్. దీనికి పెద్ద పిన్ను పాయింట్ వేయించుకోవాలె" అన్నాడు. వేయించారు. ఇప్పుడు అదే టోస్టర్ నడుస్తోంది.

నల్లకుంట, విద్యానగర్ వైపు పాత ఇళ్లలో వంటింట్లో ఒక్కటే పెద్ద పాయింట్ ఉండటం మామూలే. అలాంటి ఇంట్లో ఇండక్షన్ స్టవ్, టోస్టర్, మిక్సీ ఒకే లైను మీద ఒకేసారి వేయకూడదు. 1800, 1500, 750 కలిపితే 4050 వాట్లు, పదిహేడున్నర యాంపులు దాటుతుంది. 16 యాంపుల లైను మోయాల్సిన దానికంటే అది ఎక్కువ. బరువు ఇంకా పెరిగితే ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్, పడిపోతుంది. పడిపోవడం దాని పనే. వైరు వేడెక్కి కాలిపోకుండా కాపాడటానికే దాన్ని పెట్టారు. టోస్టర్ వేసినప్పుడు ఎంసీబీ పడిందంటే, ఆ లైను మీద ఇంకా ఏమేం నడుస్తున్నాయో చూసుకోవాలి. పక్కన ఏదీ నడవకపోయినా పడుతుంటే అప్పుడు టోస్టర్‌ను ఆపేసి చూపించాలి.

కరెంటు పోతే బ్రెడ్ లోపలే చిక్కుకుపోయి మాడుతుందని కూడా రాశారు. ఇప్పుడొచ్చే చాలా టోస్టర్లలో మీటను కింద పట్టి ఉంచేది చిన్న విద్యుదయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపే దానికి పట్టు. కరెంటు పోగానే పట్టు వదులుతుంది, బ్రెడ్ టక్కున పైకి లేస్తుంది. స్విచ్ వేయకుండా మీట నొక్కి చూడండి, కింద నిలవదు. వాన రాత్రి కరెంటు పోయినా రొట్టె మాడదు. ఇన్వర్టర్ మీద మాత్రం దీన్ని నడపవద్దు. ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టర్ 1500 వాట్లు మోయలేదు.

క్యాన్సర్ మాట దగ్గర కాస్త ఆగాలి. ఇది చదివి నిజంగా భయపడ్డవాళ్లు నాకు తెలుసు. దీని వెనక ఉన్న పదార్థం పేరు ఎక్రిలమైడ్. పిండిపదార్థాలున్న తిండిని 120 డిగ్రీలు దాటి పొడివేడి మీద కాల్చినా వేయించినా, అందులోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి ఇది పుడుతుంది. వండిన తిండిలో ఇది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అంతకుముందే, 1994లో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. దానికి ప్రధాన ఆధారం జంతువుల మీద చేసిన పరీక్షలు. ఇంతవరకు నిజం.

మెసేజ్ చెప్పనిది ఏమిటంటే, ఇది ఆలూ చిప్స్‌లో, బిస్కెట్లలో, కాఫీలో కూడా ఉంటుంది. వాళ్లు మెచ్చుకున్న పెనం మీద కాల్చిన బ్రెడ్‌లోనూ పుడుతుంది. ఎందులో కాల్చామన్నదాని కంటే ఎంత నల్లగా కాల్చామన్నదే ముఖ్యం. 2017లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ప్రజలకు చెప్పింది కూడా అదే: బంగారు రంగు రాగానే ఆపండి, అంతకు మించి పోనివ్వకండి. టోస్టర్‌లో ఆ రంగును డయల్ తిప్పి పెట్టుకోవచ్చు, రేపూ దాదాపు అదే రంగు వస్తుంది. పెనం మీద మాత్రం స్కూలు బస్సు హారన్ విని అటు చూసేసరికి ఒక వైపు మాడిపోతుంది.

ఇందులో పెద్ద టోస్టర్‌కు ఇంకో లాభం ఉంది. చాలా టోస్టర్ల డయల్ మీద ఉండే అంకె దాదాపు సమయాన్నే నిర్ణయిస్తుంది, లోపలి వేడిని కొలవదు. మొదటి వాయి అయ్యాక లోపలంతా వేడెక్కి ఉంటుంది కాబట్టి, అదే అంకె మీద రెండో వాయి ఎక్కువ ఎర్రబడుతుంది. వాయిలు తగ్గితే మాడటమూ తగ్గుతుంది. రెండో వాయికి డయల్‌ను అర గీత వెనక్కి తిప్పుకుంటే సరిపోతుంది. ఒకవేళ మాడితే నల్లటి పొరను కత్తితో గీకేయండి, మరీ నల్లబడితే పారేయండి.

రేడియేషన్ అని కూడా ఒక ముక్క ఉంది. ఎర్రగా కాలిన నిక్రోమ్ తీగ నుంచి వచ్చేది వేడి. బొగ్గుల పొయ్యి దగ్గర చెయ్యి పెడితే తగిలేదీ అదే. అది ఎక్స్‌రే లాంటిది కాదు.

గట్టు సగం మింగేస్తుందన్నది అతిశయోక్తి. అయినా చోటు సంగతి కొనేముందు చూసుకోవాల్సిందే. నాలుగు స్లైసులవి రెండు ఆకారాల్లో వస్తాయి. ఒకటి చతురస్రంగా, అటూ ఇటూ దాదాపు అడుగు. ఇంకోటి సన్నగా పొడుగ్గా, రెండు పొడుగు స్లాట్లతో. మన అపార్ట్‌మెంట్ల గ్రానైట్ గట్టు లోతు సాధారణంగా రెండడుగులు. వాటర్ ఫిల్టర్, మిక్సీ, గ్రైండర్ ఇప్పటికే ఉన్న గట్టు మీద పొడుగు రకం గోడ వెంబడి ఒదుగుతుంది, ముందు కూరగాయలు తరుక్కోవడానికి చోటు మిగులుతుంది. అయితే కాల్చేటప్పుడు దాన్ని గోడకూ పై అల్మారాకూ దూరంగా ముందుకు లాక్కోవాలి. కిటికీ తెర దాని మీదకు వేలాడకూడదు, పైన న్యూస్‌పేపర్ పరిచిన అర ఉండకూడదు. మాకు దీని వల్ల రోజూ రెండుసార్లు లాగి తోయడం తప్పడం లేదు. అది ఇబ్బందే, కాదనను.

మన బేకరీ బ్రెడ్ పట్టదన్నదాంట్లో సగం నిజం. బన్ను పట్టదు, పావ్ పట్టదు. చేత్తో లావుగా కోసిన ముక్క ఇరుక్కోవచ్చు. కానీ హైదరాబాద్‌లో చాలా బేకరీల్లో అడిగితే లోఫ్‌ను మిషన్ మీద కోసి ఇస్తారు, ఆ ముక్క మామూలుగా స్లాట్‌లో దిగుతుంది. ఇంకో మాట. రంజాన్‌కో, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడో డబల్ కా మీఠా (వేయించిన బ్రెడ్ ముక్కలను పాకంలో వేసి చేసే మిఠాయి) చేసుకునేవాళ్లకు ఈ టోస్టర్ చాలా పనికొస్తుంది. నెయ్యిలో వేయించిన ముక్కకు వచ్చే రుచి వేరు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ మామయ్యకు గుండె డాక్టర్ నెయ్యి తగ్గించమన్నప్పటి నుంచి మేం ముక్కలను తక్కువ అంకె మీద రెండుసార్లు కాలుస్తున్నాం. రెండుసార్లు ఎందుకంటే లోపలి తేమ కూడా పోవాలి, లేకపోతే పాకంలో వేయగానే చెదిరిపోతాయి. గలగలలాడేలా ఎండిన ముక్క పాకం పీల్చుకుని కూడా ఆకారం నిలుపుకుంటుంది. పైన రెండు చెంచాల నెయ్యి చాలు.

శుభ్రం గురించి రాసినవాళ్లు అడుగున ఉండే ట్రేను ఎప్పుడూ లాగి చూసినట్టు లేరు. రొట్టె పొడి అందులోనే పడుతుంది. వారానికోసారి దులిపేస్తే చీమలూ బొద్దింకలూ అటు రావు. దులపకుండా వదిలేస్తే ఆ పొడే మాడి పొగ వస్తుంది, అంటుకోవచ్చు కూడా. ముందు ప్లగ్ లాగేయండి, చల్లారనివ్వండి. స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు, బోర్డు వైరింగ్ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా లోపలి తీగలో కరెంటు ఉండొచ్చు. ముక్క ఇరుక్కున్నా ఇదే పద్ధతి. ఫోర్కు, చెంచా లోపల పెట్టవద్దు, ఆ తీగ మీద ఏ తొడుగూ ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి: పెనం అలవాటుతో వెన్న ముందే రాసి లోపల పెట్టకండి. వెన్న కరిగి తీగ మీద పడితే మంట లేవగలదు. వెన్న ఎప్పుడూ బయటికి తీశాకే. ఇలాంటి అసలైన జాగ్రత్తల్లో ఒక్కటి కూడా అంత పొడుగు మెసేజ్‌లో లేకపోవడం నాకు బాధ కలిగించింది.

చివరిది పెనం. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఈ మాటే. పెనం మీద రొట్టె బాగా కాలుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఒకసారికి రెండు ముక్కలు, అటు ఒకసారి ఇటు ఒకసారి తిప్పాలి. ఆరుగురికి తలా రెండంటే పన్నెండు ముక్కలు, ఆరు వాయిలు. అంతసేపూ ఒక మనిషి పొయ్యి దగ్గర నిలబడాలి. ఆ మనిషి ఎవరో మెసేజ్ రాసినవాళ్లకు తెలుసు, అందుకే ఆడవాళ్లందరికీ పంపమన్నారు. మా అత్తమ్మ నలభై ఏళ్లు ఆ పని చేశారు. అందరికీ వేసిచ్చి, చివరి రెండు ముక్కలు చల్లారాక, టీ కూడా చల్లారాక తినేవారు. ఇప్పుడామెకు మోకాళ్ల నొప్పులు, వేళ్ల కీళ్లు వాచి అట్లకాడ పట్టు చిక్కదు. మీట మాత్రం అరచేత్తో నొక్కగలరు. నాలుగు ముక్కలు వేసి కుర్చీలో కూర్చుంటారు. మూడు వాయిల్లో పని అయిపోతుంది, మధ్యలో ఎవరూ పొయ్యి దగ్గర కాపలా ఉండక్కర్లేదు. ఆ సౌకర్యాన్ని సోమరితనం అనడం అన్యాయం. పెనమైతే కరెంటు ఆదా అని వాదించేవాళ్లకూ ఒక మాట: పన్నెండు ముక్కలు కాలేదాకా పొయ్యి వెలుగుతూ ఉండాలి, ఆ గ్యాస్‌కూ డబ్బు కట్టాలి.

ఇద్దరే ఉండే ఇంటికి, లేదా వారానికోసారి బ్రెడ్ తినేవాళ్లకు నాలుగు స్లైసులది అవసరం లేదు, చిన్నది చాలు. రోజూ నలుగురైదుగురు ఒకేసారి తినే ఇల్లయితే, గట్టు దగ్గర 16 యాంపుల పాయింట్ ఉంటే, నిస్సంకోచంగా తెచ్చుకోండి. కొనేటప్పుడు రెండు మీటలు, రెండు డయళ్లు విడివిడిగా ఉన్నది అడగండి. అలాంటిదైతే ఒక వైపు పాపకు లేతగా, ఇంకో వైపు మామయ్యకు కరకరలాడేలా ఒకేసారి కాల్చుకోవచ్చు. ఇంట్లో ఇద్దరే ఉన్న రోజు ఒక వైపే వేసుకుంటే రెండో వైపు తీగలు వేడెక్కవు.