ఓడలో కుక్కర్ పెట్టడం తెలివి కాదండీ

పొద్దున్నే చుట్టాల గ్రూపులో ఒక రీల్ వచ్చి పడింది. "క్రూజ్‌లో డబ్బులు మిగిల్చే చిట్కాలు" అట. అమెరికాలో టెక్సాస్ రేవు గాల్వెస్టన్ నుంచి మెక్సికో దీవి కోజుమెల్ వెళ్ళే ఓడ. మొదటి చిట్కా ఏంటయ్యా అంటే, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్‌ని దుప్పట్లో చుట్టి, సూట్‌కేసులో చీరల మధ్య దాచి, లగేజీలో పంపేయడం. తర్వాతి సీన్లో కేబిన్‌లో అద్దం ముందున్న బల్ల మీద అన్నం ఉడుకుతోంది, పక్కన ఆవకాయ సీసా, వెనకాల సినిమా పాట. కింద మనవాళ్ళ చప్పట్లు, దండాలు. "సూపర్ అక్కా." "తెలుగోళ్ళ బుర్రే వేరు." అవును మరి, వేరే. నాలుగు వేల మంది పడుకునే చోట దొంగచాటుగా పొయ్యి వెలిగించి, దానికి పాట కూడా పెట్టుకునే బుర్ర ఇంకెవరికి ఉంటుంది!

కుక్కరు, కెటిలు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ స్టవ్, నీళ్ళు కాచుకునే రాడ్డు. వేడి పుట్టించే వస్తువేదీ తేవద్దని దాదాపు ప్రతి కంపెనీ బుకింగ్‌తో పాటే జాబితా పంపుతుంది. ఆ పీడీఎఫ్ ఎవరూ తెరవరు, అది వేరే విషయం. లగేజీ మొత్తం ఎక్స్‌రేలోంచి పోతుంది. దొరికిందంటే మీ సూట్‌కేసు గుమ్మం ముందుకి రాదు. రాత్రి భోజనానికి మార్చుకోవడానికి బట్టల్లేక, కింద సెక్యూరిటీ గది దగ్గర లైన్లో నిలబడి, అందరి ముందూ పెట్టె విప్పి చీరల మధ్యనుంచి కుక్కర్ బయటికి తియ్యాలి. వాళ్ళు దాన్ని ఉంచుకుని దిగేరోజు ఇస్తారు. దొరక్కపోతేనే అసలు ప్రమాదం. కేబిన్ కప్పులో ఉన్న డిటెక్టర్‌కి పొగకీ ఆవిరికీ తేడా అన్నిసార్లూ తెలియదు. అది పనిచేసిందంటే పైన ఓడ నడిపే గదిలో (బ్రిడ్జి) మీ కేబిన్ నంబరు వెలుగుతుంది, సిబ్బంది పరుగెత్తుకొస్తారు. నడిసంద్రంలో ఫైరింజన్ రాదండీ. ఆర్పాల్సింది ఆ ఓడలో ఉన్నవాళ్ళే.

"ఇంత చిన్న కుక్కర్‌తో ఏమవుద్దండీ" అనే మేధావుల కోసం: 2006 మార్చి 23న స్టార్ ప్రిన్సెస్ అనే ఓడ కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్ దీవి నుంచి జమైకాలోని మాంటెగో బేకి వెళ్తుండగా తెల్లవారుజామున ఒక బాల్కనీలో నిప్పంటుకుంది. ఎవరో పారేసిన సిగరెట్ పీకే కారణమై ఉంటుందని దర్యాప్తులో తేలింది. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డుగోడలు, ప్లాస్టిక్ కుర్చీలు. మంట అంతస్తు నుంచి అంతస్తుకి పాకి వందకు పైగా కేబిన్లు పాడయ్యాయి, ఒక ప్రయాణికుడు పొగకి చనిపోయాడు. తేలిగ్గా అంటుకునే సామాను ఉండే బాల్కనీల్లో కూడా డిటెక్టర్లు, స్ప్రింక్లర్లు ఉండాలనే రూలు వచ్చింది దాని తర్వాతే. ఒక్క పీక చేసిన పని అది. అందుకే బాల్కనీ రెయిలింగ్ మీద తువ్వాళ్ళు, లుంగీలు ఆరేస్తే కూడా కేబిన్ సర్దే స్టివార్డ్ వచ్చి తియ్యమంటాడు. గాలికెగిరి ఎవరి బాల్కనీలో పడతాయో తెలియదు కాబట్టి. ఆరేసుకోవడానికి చాలా ఓడల్లో స్నానాలగదిలోనే, షవర్ దగ్గర గోడలోంచి లాగే తాడు ఉంటుంది. కేబిన్ గోడలు ఎక్కువగా ఇనుమే, నాలుగు అయస్కాంతం కొక్కేలు తెచ్చుకుంటే టోపీలు, తడిబట్టలు అన్నీ తగిలించుకోవచ్చు. చవక వస్తువు. దాని మీద రీల్ రాదు, ఎందుకంటే అందులో దొంగతనం లేదు.

రెండో చిట్కా ఇంకా ఘోరం. "ప్లగ్ పాయింట్లు తక్కువ ఉంటాయి, స్పైక్ గార్డ్ బోర్డు పట్టుకెళ్ళండి." మన ఇళ్ళల్లో ఒక తీగలో కరెంటు, ఇంకోటి న్యూట్రల్. ఓడలో చాలాచోట్ల అలా ఉండదు, ఓడ ఇనుముతో పోలిస్తే రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. ఈ స్పైక్ గార్డ్ (సర్జ్ ప్రొటెక్టర్) కరెంటు కోసేసినా ఒక తీగలోనే ఆగుతుంది, రెండోదాంట్లో కరెంటు అలాగే ఉండి బోర్డు వేడెక్కి అంటుకోవచ్చు. అమెరికా కోస్ట్ గార్డ్ 2013లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. నాలుగు పోర్టులున్న మామూలు యూఎస్‌బీ చార్జర్ ఒకటి తెచ్చుకుంటే ఇంటిల్లిపాది ఫోన్లూ నిండుతాయి. కష్టమా?

సరే, అసలు బాధ అన్నం గురించే కదా. పెద్దవాళ్ళకి అన్నం లేకపోతే గడవదు, ఒప్పుకుంటాను. అమెరికాలో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నల్ని బహామాస్ తీసుకెళ్ళి ఐదు రోజులు సలాడ్ పెడితే వాళ్ళ ముఖం చూడలేం. దానికి దారి ఉంది. బుకింగ్ అయ్యాక వెంటనే ప్రత్యేక భోజనం కాలమ్‌లో ఇండియన్ వెజిటేరియన్ అని రాయాలి. ఎక్కిన మొదటి రాత్రే మెయిన్ డైనింగ్ రూమ్‌కి వెళ్ళి హెడ్ వెయిటర్ని పట్టుకోవాలి, బఫేలో వడ్డించే అబ్బాయిని కాదు. ఇవాళ చెబితే రేపు రాత్రికి పప్పు, కూర, అన్నం మీ బల్ల మీదకి వస్తాయి. చాలా ఓడల వంటింట్లో మన దేశం వంటవాళ్ళు ఉంటారు, కారం గట్టిగా వెయ్యమంటే సంతోషంగా వేస్తారు. పెరుగు పొద్దుటి బఫేలో ఉంటుంది. పచ్చడి మాత్రం ఇంట్లో పెట్టింది వద్దు. సీలు వేసిన ఫ్యాక్టరీ ప్యాకెట్లని చాలా కంపెనీలు ఏమీ అనవు. ఇక బఫేలోంచి అరటిపండో ఆపిలో సంచిలో వేసుకుని రేవులో దిగే అలవాటు ఉంటే న్యూజిలాండ్ వైపు వెళ్ళేటప్పుడు జాగ్రత్త. చెప్పకుండా పండు దింపితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. పండు మాత్రం ఫ్రీయే.

బఫే అన్నాను కాబట్టి. ఎంగిలి అనే మాట పుట్టిన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం. ఎవరైనా నోట్లో పెట్టిన గరిటె గిన్నెలో ముంచితే మన అమ్మమ్మలు ఆ గిన్నె మొత్తం పారబోసేవాళ్ళు. వాళ్ళ మనవలు ఓడెక్కి చేత్తో రొట్టెలు ఎంచి, నచ్చనిది మళ్ళీ అదే గిన్నెలో పెడతారు. గుమ్మం దగ్గర ఒక పిల్ల "వాషీ వాషీ" అని పాట పాడుతూ చేతులు కడుక్కోమంటుంటే పక్కనుంచి తప్పించుకుని పోతారు. "నాకు శానిటైజర్ ఉందిగా." స్వామీ, ఓడల్లో వాంతులూ విరేచనాలూ తెప్పించేది ఎక్కువగా నోరోవైరస్. దాని మీద ఆల్కహాల్ శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగాలి. పదుల సంఖ్యలో వైరస్ కణాలు లోపలికి వెళ్తే చాలు, 12 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది. అమెరికా రేవులకొచ్చే ఓడల్లో ప్రయాణికుల్లోగానీ సిబ్బందిలోగానీ నూటికి ముగ్గురు జబ్బుపడితే అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఓడ పేరు బయటపెడుతుంది. అప్పుడు బఫేలో గరిటెలు తీసేసి సిబ్బందే వడ్డిస్తారు, మీరేమో "సర్వీసు బాగా పెరిగింది" అని రివ్యూ రాస్తారు. జబ్బుపడ్డవాళ్ళని కేబిన్‌లోనే ఉండమంటారని భయపడి డాక్టరుకి చెప్పకుండా ఈతకొలనుకి వెళ్ళేవాళ్ళ గురించి నేను రాస్తే ఈ పోస్టు రిపోర్ట్ అవుతుంది. డైపర్ వేసిన పిల్లల్ని మామూలు పూల్‌లో దింపకూడదు, ఈత డైపరైనా సరే. దింపితే పూల్ మూసి, క్లోరిన్ దట్టించి శుభ్రం చెయ్యాలి. ఆ రోజు ఎండలో పూల్ చుట్టూ నిలబడి తిట్టుకునే రెండువేల మందికి మీ బాబు పేరు తెలియదు, అదే అదృష్టం.

పూల్ చుట్టూ కుర్చీల సంగతి. పొద్దున్న ఆరింటికి తువ్వాలు, ఒక చెప్పు, ఒక పుస్తకం పెట్టి టిఫినుకి పోయి పదకొండింటికి వస్తారు. ఇది మనవాళ్ళ ఒక్కళ్ళ జబ్బు కాదు, జర్మన్లకీ బ్రిటిష్‌వాళ్ళకీ దీని మీద పెద్ద చరిత్రే ఉంది. కాకపోతే పండగ ముందురోజు బస్టాండులో ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు పట్టినవాళ్ళం కదా, మనకి ట్రైనింగ్ ఎక్కువ. ఒక్క తేడా, బస్సులో కండక్టరు మనల్ని ఏమీ అనడు. ఇక్కడ చాలా కంపెనీల్లో సిబ్బంది కుర్చీకి టైము రాసిన చీటీ అంటిస్తారు, 30, 40 నిమిషాల్లో మనిషి రాకపోతే సామాను తీసి తువ్వాళ్ళ కౌంటర్లో పెట్టేస్తారు. ఆ తువ్వాలు తిరిగివ్వకపోతే బిల్లులో దాని ఖరీదు కలుస్తుంది. అప్పుడు రిసెప్షన్ దగ్గర గొడవ.

మరుగుదొడ్డి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతా. అది గాలితో లాగే పద్ధతి, మీట నొక్కితే లీటరు చిల్లర నీళ్ళే వస్తాయి, మిగతా పని పీల్చే గాలిది. గొట్టాలు సన్నవి, ఒకే గొట్టానికి వరసగా చాలా కేబిన్లు. మీరొక తడి వైప్ వేస్తే మీకే కాదు, మీ వరస మొత్తానికి ఆగిపోతుంది. శానిటరీ న్యాప్‌కిన్, దూది, అన్నం మెతుకులు (రీల్ చూసినవాళ్ళకి), ఏదీ వెయ్యకూడదు. జెట్ స్ప్రే చాలా విదేశీ ఓడల్లో ఉండదు. నొక్కితే నీళ్ళొచ్చే చిన్న ప్లాస్టిక్ సీసా తెచ్చుకోండి, సరిపోతుంది. మగ్గుతో షవర్ తెర బయట నీళ్ళు గుమ్మరిస్తే గడప దాటి కేబిన్ తివాచీ తడుస్తుంది, రాత్రికి వాసన.

అసలు ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో నేర్పే మస్టర్ డ్రిల్ దగ్గరే మనిషి బుద్ధి తెలిసిపోతుంది. "ఆవిడ వెళ్ళిందిగా, నా కార్డు కూడా స్కాన్ చేసేస్తుంది." చెయ్యరు. ప్రతి మనిషీ వెళ్ళాలి. 2012 జనవరి 13న ఇటలీలో గిలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాళ్ళకి గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే చివిటవెక్కియా రేవులో ఎక్కిన సుమారు 700 మందికి ఇంకా డ్రిల్ జరగలేదు, మర్నాడు చేద్దామనుకున్నారు. ఇప్పుడు ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో చెయ్యాలన్నది అంతర్జాతీయ నిబంధన. 2020 తర్వాత చాలా ఓడల్లో దాన్ని ఎంతో సులువు చేశారు. ఫోన్లో వీడియో చూసి, మీ స్టేషన్‌కి నడిచి వెళ్ళి కార్డు చూపిస్తే అయిపోతుంది. ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలకి కూడా మైకులో పేరు పిలిపించుకునే మహానుభావులుంటారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత అంటే ప్రమాద సంకేతం. ఇది వినగానే ఎటు పోవాలో తెలియదు గానీ బఫేలో ఐస్‌క్రీమ్ మిషన్ ఎటో కళ్ళు మూసుకుని చెబుతారు.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండే విషయం. ఆ రీల్లో చివరి చిట్కా: "ఆఖరి రోజు రిసెప్షన్‌కి వెళ్ళి టిప్పులు తీసేయించుకోండి, వందల డాలర్లు మిగులుతాయి." అమెరికా ఓడల్లో రోజుకి మనిషికి సుమారు 16 నుంచి 20 డాలర్లు బిల్లులో కలుస్తుంది. నలుగురున్న కుటుంబానికి వారానికి 450 నుంచి 560 దాకా. తక్కువ కాదు, నిజమే. కానీ మీ మంచం రోజూ సర్దినవాడు ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద ఉన్నాడు, ఆదివారం సెలవంటూ లేదు. అంతర్జాతీయ నిబంధన వాడికిచ్చేది రోజుకి కనీసం 10 గంటల విశ్రాంతి. అంటే ఒక్కోరోజు 14 గంటల దాకా పని చేయించుకోవచ్చన్నమాట. వాడి జీతంలో పెద్ద ముక్క ఈ టిప్పులే. వాడు గోవావాడో, కేరళవాడో, ఫిలిప్పీన్స్‌వాడో. తువ్వాలుతో ఏనుగు బొమ్మ చేసి పెడితే దాంతో పదిహేను సెల్ఫీలు దిగి, చివరి రాత్రి పదకొండింటికి వాడి డబ్బులు కోయించడానికి లైన్లో నిలబడతారు. అదే చేతుల్తో కేసినోలో.. వద్దులెండి.

అయినా వీళ్ళననేం లాభం, దీనికి మూలం మన ట్రావెల్ ఏజెంట్లు. "సింగపూర్ క్రూజ్, మనిషికి ఇంతే, అన్నీ కలిపి" అని పెద్ద అక్షరాల్లో. కింద చీమ కళ్ళకి కూడా ఆనని సైజులో పోర్టు చార్జీలు అదనం, టిప్పులు అదనం, వీసా అదనం, టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) అదనం. టిప్పులు బుకింగ్ రోజే ముందుగా కట్టేయొచ్చని ఒక్కడూ చెప్పడు, చెబితే పక్కవాడి రేటు తక్కువ కనిపిస్తుంది కాబట్టి. ఓడెక్కాక బిల్లు చూసి జనానికి మోసపోయినట్టు ఉంటుంది, ఆ కోపం పోయి స్టివార్డ్ మీద పడుతుంది. పైగా వీళ్ళే పంపే వాట్సాప్ సూచనల్లో "రెడీ టు ఈట్ ప్యాకెట్లు, చిన్న కెటిల్ తెచ్చుకోండి" అని ఉంటుంది! కంపెనీ నిషేధించిన వస్తువు కంపెనీ టికెట్ అమ్మేవాడే తెమ్మంటాడు.

ఇంకోటి కూడా వీళ్ళు చెప్పరు: ఓడ టైము. అమెరికాలో చాలాచోట్ల ఎండాకాలం గడియారం గంట ముందుకి జరుపుతారు, కోజుమెల్ ఉన్న రాష్ట్రంలో జరపరు. మయామి నుంచి వేసవిలో వెళ్ళి దిగితే మీ ఫోను దానంతటదే గంట వెనక్కి పోతుంది. ఓడ ఫ్లోరిడా టైములోనే ఉంటే, ఫోన్లో నాలుగున్నర అంటే ఓడలో ఐదున్నర. మీరు తీరిగ్గా మామిడి జ్యూస్ తాగుతుంటే అక్కడ ఓడెక్కే వంతెన (గ్యాంగ్‌వే) తీసేస్తారు. దిగేటప్పుడు గుమ్మం దగ్గర పెద్ద బోర్డు మీద రాసే ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి, ఒక చేతి గడియారం ఓడ టైముకి పెట్టుకోండి. కంపెనీ టూరు బస్సులో వెళ్తే ఆలస్యమైనా ఓడ మామూలుగా ఆగుతుంది, బయట టాక్సీ మాట్లాడుకుంటే ఆగదు. 2024 మార్చిలో ఆఫ్రికా పక్కన సావో టోమే దీవిలో నార్వీజియన్ డాన్ ఓడ ఎనిమిది మందిని వదిలేసి పోయింది, వాళ్ళు దేశాలు దాటుకుంటూ దాన్ని వెంటాడాల్సి వచ్చింది. మన పాస్‌పోర్టుతో అలా వెంటాడటానికి ఎన్ని వీసాలు కావాలో లెక్కేసుకోండి.

"మా డబ్బులు, మా ఇష్టం" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళు ముందు మీ మస్టర్ స్టేషన్ నంబరు ఎక్కడుంటుందో రాసి, తర్వాత నన్ను తిట్టండి. కార్డు మీదే ఉంటుంది. రోజుకి ఇరవైసార్లు బార్‌లో చూపిస్తారే, ఆ కార్డు.