మొగ, తిప్ప, దొరువు: పొడవుతో కొలవలేని తీరం

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవెంత అని అడిగితే బడిలో నేర్చుకున్న జవాబు 974 కిలోమీటర్లు. ఇటీవల దేశ తీరరేఖను మరింత సూక్ష్మమైన పటాల మీద తిరిగి కొలిచినప్పుడు అది 1,053 కిలోమీటర్లని తేలింది. గుజరాత్ తర్వాత రెండో స్థానంలో ఉన్న మనం, తమిళనాడు కొలత కూడా పెరగడంతో మూడో స్థానానికి వచ్చాం. సముద్రం కొత్తగా మనకు ఇచ్చిన ఒడ్డు ఏమీ లేదు. పాత పటాల్లో సరళరేఖగా సాగిపోయిన వంపులూ, నదుల ముఖద్వారాలూ ఈసారి లెక్కలోకి వచ్చాయంతే. అయినా పోర్టుల గురించీ పెట్టుబడుల గురించీ జరిగే ప్రతి చర్చా ఈ అంకెతోనే మొదలవుతుంది. తీరాన్ని పొడవుగా మాత్రమే చూడటం అలవాటైనందువల్లే దాన్ని మీటరు మీటరుగా పోగొట్టుకుంటున్నామని నా అభిప్రాయం.

తీరంలో బతికేవారికి అది ఎప్పుడూ గీత కాదు. వారి మాటలు వింటే చాలు, ఈ సంగతి తెలుస్తుంది. ఏరు సముద్రంలో కలిసేచోటు మొగ. నది మధ్య ఒండ్రు పేరుకొని ఏర్పడిన నేల లంక. అలలు ఇసుకను తోసి కట్టిన మెట్ట తిప్ప. పోటుకు మునిగి పాటుకు తేలే ఉప్పునేల పర్ర. ఈ మాటలన్నీ నీరూ మట్టీ కలిసి చేసే ఒక్కో పనికి పెట్టిన పేర్లు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది దొరువు. బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుక భూముల్లో సముద్రానికి అంత దగ్గరగా పంట ఎలా పండుతుందన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి కన్నా తేలికైనది కాబట్టి దాని మీద ఒక పొరగా నిలుస్తుంది. రైతు లోతుకు పోకుండా, ఆ పైపొర అందేంత మేరకే దొరువు అనే గుంత తవ్వి, ఊరిన నీటిని కడవలతో ముంచి నారుమళ్లకు పోసేవాడు. ఒక కడవ ముంచితే మళ్లీ ఊరేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే కిందనున్న ఉప్పునీరు పైకి రాకుండా ఉండే రహస్యం ఉంది. బాపట్ల శాస్త్రవేత్తలు ఇదే సూత్రం మీద, ఇసుకలో అడ్డంగా పైపులు పరిచి తీపినీటిని మాత్రమే బావిలోకి తీసుకొనే మెరుగైన దొరువులను రూపొందించారు. లోతైన బోరు వేసి మోటారుతో తోడినచోట, లేదా పక్కనే ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వినచోట ఆ పొర చెదిరిపోతుంది. ఇసుక మెట్టలను చదును చేస్తే వాన నీటిని దాచుకొనే చోటే పోతుంది. ఖాళీ స్థలంగా కాగితాల్లో నమోదయ్యే ఆ ఇసుకే నిజానికి ఆ ఊరి మంచినీటి తొట్టి.

తీరాన్ని కట్టేది సముద్రం ఒక్కటే అనుకోవడం మన ఆలోచనలో ఉన్న మరో లోపం. గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రే మన డెల్టా. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట, 1967లో నాగార్జునసాగర్, ఆ తర్వాత ఎగువన వరసగా వచ్చిన జలాశయాలు కోట్ల మందికి అన్నం పెట్టాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు. అయితే నీటితో పాటు ఒండ్రు కూడా ఎగువనే నిలిచిపోతోంది. నది ఇవ్వడం తగ్గించినా సముద్రం తీసుకోవడం ఆపదు. డెల్టా అంచులు చాలాచోట్ల కోతకు గురికావడానికి ఇది ప్రధాన కారణం.

కాకినాడ, ఉప్పాడలను పక్కపక్కనే పెట్టి చూస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది. గోదావరి ఇసుకతో సుమారు రెండు శతాబ్దాల్లో పెరిగిన 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ కాకినాడకు సహజమైన అడ్డుగోడ. ఆ తిప్ప వెనక నిశ్చలంగా ఉన్న నీటిలో కోరంగి మడ అడవి విస్తరించింది. పాటు వేళ అక్కడి చెక్కదారి మీద నిలబడితే బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్లు వేల సంఖ్యలో కనిపిస్తాయి. గాలి ఆడని బురదలో చెట్టు ఊపిరి పీల్చుకొనేది వాటితోనే. ఆ బురదే పీతలకూ రొయ్య పిల్లలకూ పురిటిల్లు, నీటిపిల్లికి వేటస్థలం. కొద్ది దూరం ఉత్తరాన ఉన్న ఉప్పాడ పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. ఒడ్డు వెంట దక్షిణం నుంచి కదిలే ఇసుక అక్కడికి సరిగా చేరదు. తుపాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు దెబ్బతింటుంది, ఇళ్లు కూలుతాయి, రాళ్లు తెచ్చి పోస్తారు, మరో తుపానుకు ఆ రాళ్లూ జారిపోతాయి. జాందానీ చీరకు భౌగోళిక గుర్తింపు సంపాదించిన ఊరు తన భూగోళాన్నే కోల్పోతుండటం బాధాకరం.

పోర్టులు వద్దనడం నా ఉద్దేశం కాదు. ఈ తీరం ఎప్పుడూ లోకానికి తెరిచిన వాకిలే. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన శాసనం, తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వ రాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అభయమిచ్చింది. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో ఇప్పుడు కడుతున్న రేవులకూ అలాంటి ఒక అభయం అవసరం. సముద్రంలోకి గోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు తరుగుతుంది. విశాఖ ఓడరేవు పూడిక తీసిన ఇసుకను రామకృష్ణ బీచ్‌కు పోయడం ఇందుకే. రేవు కట్టేవారు ఉత్తరాన ఉన్న పల్లెకు ఇసుకను బాకీ పడినట్టే. ఆ బాకీ తీర్చడం ఒప్పందంలో మొదటి రోజు నుంచే ఉండాలి. 2019 తీర నియంత్రణ నిబంధనలు జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో నిర్మాణరహిత ప్రాంతాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించిన తర్వాత ఈ అవసరం మరింత పెరిగింది.

కొల్లేరు వివాదంలోనూ మనం గీతల గురించే వాదించుకున్నాం. 1999లో 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్ల కూల్చివేత, ఆ తర్వాత అభయారణ్యం హద్దు ఐదో కాంటూరా (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత) మూడో కాంటూరా అన్న రాజకీయం. సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడుకుపోవడం మీద మాత్రం అంత పట్టుదల ఎవరిలోనూ కనిపించలేదు. బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. 2024 సెప్టెంబరులో ఆ ఏరు విజయవాడను ముంచిన తర్వాతైనా ఎగువనున్న నగరానికీ దిగువనున్న మొగకూ ఉన్న సంబంధం అర్థం కావాలి.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. సంతోషించవలసిన విషయమే. అయితే దిబ్బలకు కంచె వేసి, వాటి చుట్టూ ఉన్న గెడ్డలను, అంటే వాగులను, లేఅవుట్లకు వదిలేస్తే ఆ గుర్తింపు బోర్డు మీదే మిగులుతుంది.

గోదావరి జిల్లాల్లో సప్తసాగర యాత్ర అని ఒకటుంది. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానంతో మొదలుపెట్టి, సప్తర్షుల పేర్లు పెట్టుకున్న గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరుకుంటారు. తీరాన్ని మొగల వరసగా చూసిన చూపు అది. ప్రతి మొగలో ఏటా ఎంత నీరు, ఎంత ఒండ్రు సముద్రంలోకి చేరుతున్నాయో, అక్కడ ఒడ్డు ఎంత పెరిగిందో ఎంత తరిగిందో కొలిచి, ఆ ఊరి పంచాయతీ గోడ మీద రాయవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ పని చొల్లంగిలోనే మొదలుపెట్టవచ్చు. ఏటా వేలాదిమంది భక్తితో మునిగే అక్కడి గోదావరి పాయ తుల్యభాగ పేరు ఇప్పుడు సర్కారు కాగితాల్లో ఒక మురుగు కాల్వకు ఉంది.