సిల్వర్ గంజుల సున్నం

(హన్మకొండ దాపున ఒక ఊరు. బతుకమ్మ పండుగ రోజులు. వాకిట్ల తెల్లటి ఆవిర్లు.)

లచ్చవ్వ: ఆ బుసబుస ఏందయ్యా? నా సిల్వర్ గంజేది, గా అల్యూమినియం గిన్నె?

రాజయ్య: మన మట్టిగోడకు సున్నం పూద్దామని సున్నం రాళ్ల మీద నీళ్లు వోసిన. ఉడుకుతున్నది.

లచ్చవ్వ: ముందు నీళ్లు, అండ్ల రాళ్లు మెల్లమెల్లగ ఎయ్యాలె. నువ్వు వోసినట్టు వోస్తె ఎగజిమ్ముతది, కండ్లల్ల వడితె చూపు పోతది. అద్దాలు పెట్టుకున్నవా?

రాజయ్య: సదువుకునేటియి పెట్టుకున్న.

లచ్చవ్వ: సున్నం మీద ఏమన్న రాసున్నదా సదువనీకి? సిల్వర్‌ను సున్నం తింటది, మండే గ్యాస్ గూడ లేస్తది. అడుగు సూడు, చిల్లులు! ఇనుప డ్రమ్ము ఏమైంది?

రాజయ్య: దాంట్ల కరక్కాయలు నానవెట్టిన.

లచ్చవ్వ: ఇనుముల కరక్కాయా? సిరా తయారైతది. కరక్కాయ ప్లాస్టిక్ డ్రమ్ముల, సున్నం ఇనుప డ్రమ్ముల. నీకన్నీ ఉల్టనే. మరి నా బెల్లం డబ్బ ఎందుకు ఖాళీగున్నది?

రాజయ్య: కరక్కాయ దంచి, బెల్లమేసి 15 రోజులు పులియవెట్టి, ఆ నీళ్లతోని ఎనుకట సున్నం గచ్చు కలిపేటోళ్లు.

లచ్చవ్వ: ఎంతేసినవ్?

రాజయ్య: ఉన్నదంత.

లచ్చవ్వ: తీపి ఎక్కువైతె సున్నం జల్ది గట్టివడది. బతుకమ్మకు చేసే బెల్లం రొట్టెల మలీద నాకు లేదు, గోడకు దక్కె. ఇగ చీమలే బతుకమ్మ ఆడ్తయి.

రాజయ్య: అందుకే వాటర్‌ప్రూఫ్ రంగు గూడ తెచ్చిన. రెండు కోట్లు కొడితె చుక్క దిగదట.

లచ్చవ్వ: లోపలి తడి ఎటు పోవాలె? మట్టిగోడ భూమిల నుంచి తడి గుంజుతది. పైన ప్లాస్టిక్ పూత ఉంటె తడి ఆడనే ఆగి, మట్టి మెత్తవడి, రంగు అప్పడాల లెక్క లేస్తది. పోయినేడు సిమెంట్ పూసినవ్, పెచ్చులు పెచ్చులు ఊడలేదా? అది బిర్రుగుంటది, మట్టి తడికి ఉబ్బుతది, ఆరితె ముడుసుకుంటది. పొసగదు. మనిద్దరి లెక్క.

రాజయ్య: ఇండ్ల సిమెంట్ ఎవలు?

లచ్చవ్వ: ఊడిపోయినోళ్లు.

రాజయ్య: మరి వానకెట్ల? వేయిస్తంభాల గుడి 1163 నుంచి తడుస్తనే ఉన్నది గదా!

లచ్చవ్వ: అది రాయి, నీది ఎర్రమన్ను. రెండడుగుల చూరు దించు, అడుగున అడుగున్నర రాతికట్టు ఉండాలె. అటెన్క సున్నం ముచ్చట. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. గోడ తడపకుంటె మట్టి నీళ్లన్నీ పీల్చి పూత పొడిపొడి రాలుతది. పొర 8 మిల్లీమీటర్లు దాటద్దు, మందమైతె పగుల్తది. వారం దినాలు తడి గోనెసంచులు ఏలాడదియ్యి.

రాజయ్య: ఇయ్యాలనే పూద్దామా?

లచ్చవ్వ: జల్లెడ వట్టి, నెల రోజులు నీళ్ల కింద ఉంచు. ఉడకని పలుకు గోడల వడితె తర్వాత ఉబ్బి పొక్కులొస్తయి. కార్తీకంల పూద్దాం.

రాజయ్య: అవిసె నూనె కొద్దిగ?

లచ్చవ్వ: ఆఖరు వెల్లకు, పది లీటర్లకు 100 మిల్లీలీటర్లు. సున్నంల కలిస్తె నీళ్లకు కరగని సబ్బు తయారైతది. చెయ్యి జారి ఎక్కువ వోస్తె గోడకు మళ్ల ఊపిరాడది. ముందు గా రంగు డబ్బ వాపస్ ఇచ్చి, నాకు బెల్లం తే.

రాజయ్య: మూత తీసిన.

లచ్చవ్వ: బాత్రూం సిమెంట్ గోడకు కొట్టుకో.

రాజయ్య: గంజు అడుక్కు గూడ రెండు కోట్లు కొట్టి సూడనా?