బావా, నిచ్చెన దిగు!

(సాయంత్రం. పెరట్లో మోకాలి లోతు మంచు. చూరుకు నిచ్చెన వేసి, మంకీ క్యాప్, రెండు స్వెటర్లు, చేతిలో సుత్తితో పరంధామం మూడో మెట్టు మీద ఉన్నాడు. కింద నిచ్చెన పట్టుకుని బావమరిది చిట్టిబాబు.)

చిట్టిబాబు: దిగు బావా.

పరంధామం: దిగను. చూరుకి వేలాడే ఈ మంచు ఊడలన్నీ రాలగొట్టాకే దిగుతా.

చిట్టిబాబు: నిన్న వీటికే కదా ఫొటోలు తీశావు? వీధి మొత్తంలో ఇంత పొడుగువి ఎవరింటికీ లేవని చుట్టాలందరికీ పంపావు కూడానూ!

పరంధామం: నిన్న హాల్లో సీలింగ్ మీద మరక లేదు. ఇవాళ ఉంది. మీ అక్క చూసింది. ఇక నాకు ఫొటోలంటావా, ప్రాణం ఉంటే చాలనిపిస్తోంది.

చిట్టిబాబు: సుత్తితో కొడితే గడ్డతో పాటు పెంకులూ లేచిపోతాయి. చలికి పెళుసెక్కి ఉంటాయవి. పైగా ఊడ రాలేది నీ నెత్తి మీదే.

పరంధామం: మంకీ క్యాప్ ఉందిగా!

చిట్టిబాబు: సరే, దిగొద్దులే. అక్కడి నుంచే పక్కింటి కప్పు చూసి చెప్పు, ఏం కనిపిస్తోంది?

పరంధామం: తెల్లగా, మందంగా మంచు. ఊడ ఒక్కటి లేదు. పాపం.

చిట్టిబాబు: మరి మన కప్పు?

పరంధామం: మధ్యలో కరిగిపోయి పెంకులు కనిపిస్తున్నాయి. చూశావా, మన మంచు ముందే కరిగింది! కలిసొచ్చే ఇల్లురా ఇది.

చిట్టిబాబు: మూడు రోజులుగా ఎండ పొడ లేదు. ఎలా కరిగిందంటావు?

పరంధామం: చెప్పాగా, కలిసొచ్చి.

చిట్టిబాబు: కలిసొచ్చి కాదు, నీ హీటర్ వల్ల. ఇంట్లో వేడి అటకలోకి ఎక్కుతోంది. అటకలోంచి కప్పుకి. మంచు అడుగు నుంచి కరిగి నీళ్లు చూరు దాకా జారుతున్నాయి. చూరు గోడ దాటి బయట ఉంది, దాని కింద ఇల్లూ లేదు, వేడీ లేదు. దాంతో అక్కడికి రాగానే మళ్లీ గడ్డ కడుతున్నాయి. ఆ గడ్డ పెరిగి పెరిగి ఆనకట్టయింది. వెనకాల చెరువు నిలిచింది. పెంకులు పైనుంచి జారే నీటిని ఆపుతాయి గానీ, కింది నుంచి పైకి ఎగబాకే నీటిని ఆపలేవు. అదే మన హాల్లో మరక.

పరంధామం: ఆగాగు. అంటే నేను కట్టే బిల్లుతో... కప్పు మీద మంచు కరుగుతోందా?

చిట్టిబాబు: పూర్తిగా నీ సొంత ఖర్చుతో.

(పరంధామం చకచకా నిచ్చెన దిగేశాడు. పెంకులూ నెత్తీ చేయలేని పని బిల్లు చేసింది.)

(హాలు. సీలింగ్ మీద మరక మధ్యలో రంగు కిందికి ఉబ్బి, లోపల నీళ్లతో వేలాడుతోంది. చిట్టిబాబు స్టూలెక్కాడు. ఒక చేతిలో స్క్రూడ్రైవర్.)

పరంధామం: ఒరేయ్, ఏం చేస్తున్నావురా?

చిట్టిబాబు: చిల్లు పెడుతున్నా. ఈ గది కరెంటు మెయిన్‌లో ఆపేశావా?

పరంధామం: ఆపాను. పెంకులు పోతాయని నన్ను దింపేసి, నువ్వు మాత్రం లోపల్నుంచి చిల్లు పెడతావా? మొన్ననే రంగులు వేయించానురా!

చిట్టిబాబు: ఇప్పుడైతే పెన్సిలంత చిల్లు. వదిలేస్తే నీళ్ల బరువుకి సీలింగే ఊడి నీ టీవీ మీద పడుతుంది. నీ ఇష్టం.

పరంధామం: ...పెట్టు. చిన్నది పెట్టు.

(ఉబ్బులో బాగా కిందికి దిగిన చోట స్క్రూడ్రైవర్ గుచ్చాడు. ముందు గోధుమ రంగు చుక్క ఒకటి ఉబ్బి, కాసేపు ఆలోచించి, బకెట్లో పడింది. ఆ వెనకే సన్నటి ధార.)

చిట్టిబాబు: ఇది ఆగాక ఫ్యాను పెట్టి బాగా ఆరనివ్వాలి. తడిని అలాగే వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది.

పరంధామం: బయట మంచు, లోపల ఫ్యాను. చూసినవాళ్లు ఏమనుకుంటారో!

(అటక మీద. చిట్టిబాబు టార్చితో పైకెక్కాడు. పరంధామం కింద నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడు.)

చిట్టిబాబు: బావా! బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం ఎక్కడి దాకా వేయించావు?

పరంధామం: వేయించడమేంట్రా, నేనే వేశా. అటక దాకా.

చిట్టిబాబు: అటక దాటి బయటికి పోవాలి కదా!

పరంధామం: బయటికంటే కప్పుకో గోడకో చిల్లు పెట్టాలి. చిల్లులంటే నాకు పడదని ఇందాకే అర్థమై ఉండాలి నీకు.

చిట్టిబాబు: నువ్వు అరగంట సేపు పాడుకుంటూ చేసే వేడినీళ్ల స్నానం ఆవిరంతా ఇక్కడే ఉంది. కప్పులోంచి దిగిన మేకుల కొనలు ఒక్కోటీ తెల్లగా మంచు పట్టి మెరుస్తున్నాయి. ఎండ రాగానే ఇవన్నీ కరిగి టపటపా రాలతాయి. అప్పుడు కప్పు కారుతోందని మళ్లీ సుత్తి తీస్తావు.

పరంధామం: నా పాట సంగతి ఎందుకురా మధ్యలో?

చిట్టిబాబు: ఈ చూరు వార కుక్కిన పాత దుప్పట్లు ఎవరివి?

పరంధామం: నావే! సందుల్లోంచి చలిగాలి వస్తుంటే మూశా. ఇది మాత్రం మంచి పనే, ఒప్పుకో.

చిట్టిబాబు: ఆ చలిగాలి అటకలోకి రావాలి బావా! చూరు దగ్గర వచ్చి పైన శిఖరం దగ్గర పోతేనే కప్పు చల్లగా ఉంటుంది. నువ్వు రావలసిన చలిని మూశావు, ఆగవలసిన వేడిని వదిలేశావు. గొట్టాల చుట్టూ, లైట్ల చుట్టూ, ఈ అటక తలుపు చుట్టూ ఖాళీలున్నాయి చూడు, వేడి ఎక్కేది వాటిలోంచి. ముందు వాటిని మూయాలి. వేడిని ఆపే ఇన్సులేషన్ మందంగా పరవడం ఆ తర్వాత. ఖాళీలు వదిలేసి ఎంత పరిచినా దండగే.

పరంధామం: అంతా ఇవాళే చేయాలా?

చిట్టిబాబు: ఇవాళ్టికి నేల మీద నిలబడి, పొడుగు కర్ర ఉన్న మంచు పారతో చూరు మీది మంచు లాగేస్తాను. ఆ గడ్డకి అడ్డంగా, మంచు కరిగించే కాల్షియం క్లోరైడ్ నింపిన మేజోళ్లు పడేస్తే, నీళ్లు పోయేందుకు కాలవ పడుతుంది.

పరంధామం: వంటింట్లో ఉప్పు లేదూ?

చిట్టిబాబు: ఉప్పు వద్దు. గట్టర్లు తుప్పు పడతాయి, కింద మొక్కలు మాడిపోతాయి. అక్క పాత నైలాన్ మేజోళ్లు నాలుగు అడుగు.

(లోపల్నుంచి అక్క గొంతు: "పాతవని ఎవరు చెప్పారు?" ఈ అంశంపై తదుపరి చర్చ జరగలేదు. మేజోళ్లు పరంధామానివే వాడారు.)

(రాత్రి. వంటిల్లు.)

చిట్టిబాబు: ఈ రాత్రి మైనస్ 12 అంటున్నారు. ఇన్సులేషన్ లేని గొట్టాలకి మైనస్ 6, 7 నుంచే గండం. తోట గొట్టం కుళాయి నుంచి ఊడదీశావా?

పరంధామం: తీశా. లోపలి వాల్వ్ కట్టేసి, బయటి కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేశా. నాకూ తెలుసురా కొన్ని!

చిట్టిబాబు: శభాష్. ఇంటి మెయిన్ వాల్వ్ ఎక్కడుంది?

పరంధామం: బీరువా వెనక.

చిట్టిబాబు: గొట్టం పగిలితే ముందు బీరువా జరపాలన్నమాట.

పరంధామం: ...రేపు జరుపుతా.

చిట్టిబాబు: ఇప్పుడే జరుపుదాం, పట్టు. (జరిపారు. ఎవరి నడుము ముందు పట్టిందన్నది ఇప్పటికీ తేలలేదు.) ఇక సింకు కింద అలమర తలుపులు తెరిచి ఉంచు, ఇంట్లో వెచ్చదనం గొట్టాలకి తగులుతుంది. హీటర్ రాత్రి తగ్గించకు. ఈ కుళాయి సన్నగా కారనివ్వు.

పరంధామం: ఏమన్నావు?

చిట్టిబాబు: కారనివ్వు.

పరంధామం: ముప్పై ఏళ్లుగా నా ఇంట్లో కారే కుళాయిని బతకనివ్వలేదురా నేను!

చిట్టిబాబు: నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. గడ్డకీ, మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటికి దారుండదు. ప్రెజర్ పెరిగి గొట్టం పగులుతుంది. చాలాసార్లు గడ్డ ఒకచోట ఉంటే పగులు ఇంకోచోట. కుళాయి కారుతుంటే ఆ ప్రెజర్ పోతుంది.

పరంధామం: గొట్టం ప్రెజర్ పోతుంది సరే. ఆ చప్పుడుకి నాకొచ్చే ప్రెజర్ సంగతి?

చిట్టిబాబు: చెవులకి మంకీ క్యాప్ ఉందిగా.

పరంధామం: ఒకవేళ గడ్డ కట్టిందే అనుకో, కొవ్వొత్తి వెలిగించి కాస్త సెగ చూపిస్తే...

చిట్టిబాబు: గొట్టానికి మంట చూపించావంటే గోడ అంటుకుంటుంది! హెయిర్ డ్రయర్‌తో, కుళాయి తెరిచి ఉంచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా వెనక్కి పోవాలి.

పరంధామం: బట్టతలవాడి ఇంట్లో హెయిర్ డ్రయర్.

చిట్టిబాబు: అక్కది ఉందిగా. అడుగు.

పరంధామం: గొట్టాలే గడ్డ కట్టవులే. పడుకుందాం పద.

(అర్ధరాత్రి. చీకటి. కుళాయి టప్... టప్... టప్. పిల్లి అడుగులతో ఓ ఆకారం సింకు దగ్గరికి వచ్చింది. చెయ్యి చాచింది. చప్పుడు ఆగింది. టార్చి వెలిగింది. వంటింటి గుమ్మంలో దుప్పటి కప్పుకుని చిట్టిబాబు.)

చిట్టిబాబు: ఏం బావా?

పరంధామం: ఏం లేదురా. దాహమేస్తేనూ.

చిట్టిబాబు: గ్లాసేదీ?

పరంధామం: ...దోసిలి పట్టి తాగుతా.

చిట్టిబాబు: తాగు మరి. నిండా తాగాక చెప్పు, మళ్లీ తిప్పుతా.